పచ్చిక మీద అద్దాల గది

భర్త డెస్‌కి పొద్దుటి మాత్రలు తీసి సాసరులో పెట్టాలి. అతని చీలమండలు నిన్నటికంటే వాచాయేమో వేలితో నొక్కి చూడాలి. తువ్వాళ్లు ఆరేయాలి, కానీ పెరట్లో పచ్చిక మీద పరిచిన నీళ్ల పైపు కదలకూడదు. పిల్లలు బడికొచ్చే వేళకు రోడ్డు మీద ఉండాలి. మధ్యాహ్నం సూపు కాచాలి. బడి వదిలే వేళకు మళ్లీ రోడ్డు. ఇవన్నీ అయ్యాక, సాయంత్రం ఆఫీసు మూసేలోపు, అద్దాల గదులు కట్టే కంపెనీకి ఫోన్ చేసి, కట్టమనో వద్దనో చెప్పేయాలి.

కెటిల్ మరిగేలోపు థెల్మా పెనీ వీటన్నిటినీ మనసులో రెండుసార్లు వల్లించుకుంది. చివరిది తలుచుకున్న రెండుసార్లూ గుండె దడదడలాడింది.

ఆ దడ ఆమెకు కొత్త కాదు. పొట్టి మనిషి, మెడ భుజాల్లోకి కుదించుకుని నడుస్తుంది, ఎవరో వెనకనుంచి పిలవబోతున్నట్టు. ఉరుమంటే భయం, చేపముల్లంటే భయం, ఫోన్ మోగితే భయం. పెళ్లినాడు చర్చిలో "అవును" అనడానికి భయపడి తలూపింది. "కాస్త పైకి చెప్పమ్మా" అని పాదిరీగారు అడగాల్సి వచ్చింది. అలాంటి మనిషి చేసే పనేమిటంటే, కార్లకు ఎదురు నిలబడటం. పసుపుపచ్చ కోటు వేసుకుని, "ఆగండి" అని రాసిన గుండ్రటి పలక ఉన్న కర్ర పట్టుకుని, బడి పిల్లల్ని రోడ్డు దాటిస్తుంది.

ఆ పూట రొట్టెల బండివాడు ఒకడు ఫోన్ చూసుకుంటూ వచ్చి, పలకకు మూరెడు దూరంలో బ్రేకు వేశాడు. పిల్లలు ఆమె వెనకే ఉన్నారు.

"పడుకుని తోలుతున్నావా నాయనా?" అని కాలిబాట మీదనుంచి ఒక తల్లి కేకేసింది. "మిసెస్ పెనీ, ఆ కర్రతో ఒక్కటి అంటించకపోయారా!"

థెల్మా నవ్వబోయింది. పిల్లల్ని అవతలికి చేర్చింది. దడ మాత్రం తగ్గలేదు. కర్ర పట్టుకునే ఎడమచెయ్యి భుజం దాకా లాగింది. భయమే, అనుకుంది. ఇంటికొచ్చేదాకా అలాగే ఉంది.

వాళ్ల ఇల్లు సముద్రానికి దగ్గర్లో, దక్షిణానికి వీపు పెట్టి కూర్చున్న చిన్న ఇల్లు. వెనకగది నిండా ఎండే. సోఫా రంగు వెలిసి పాలకోవాలా అయింది. అలాంటి ఇంటికి అద్దాల గది ఎందుకని వీధంతా అడిగింది. జీవితమంతా వానలో ఉత్తరాలు పంచిన డెస్‌కి ఎందుకో తెలుసు. గదిలో ఎండ సోఫా దాకా వచ్చి ఆగిపోతుంది. పెరట్లో కూర్చుంటే ఎండ ఉంటుంది కానీ సముద్రపు గాలి ఎముకల్లోకి దిగుతుంది. గాలి లేని ఎండ కావాలి డెస్‌కి. చలికాలంలో గుండె దెబ్బతిని ఆసుపత్రికి వెళ్లి వచ్చాక, ఒంట్లోంచి చలి పోనేలేదు.

అందుకే కంపెనీవాడు చెప్పిన కొలతకు నీళ్ల పైపును పచ్చిక మీద గదిలా పరిచాడు. అందులో రెండు కుర్చీలు వేసి, ఎండ ఎటునుంచి ఎటు పోతుందో రోజంతా కూర్చుని చూస్తున్నాడు.

"ఇంకా తేలలేదా?" కంచె మీదనుంచి పక్కింటి మిసెస్ పార్జిటర్ తొంగి చూసింది. "నా మాట విని వద్దను. నాది కట్టించుకున్న ఏడాదే అందులో కొవ్వొత్తులు నడుం వంచేశాయి. చలికాలంలో వెన్న కరగదు. ఇప్పుడు ఇస్త్రీబల్లా, చచ్చిన జెరేనియం కుండీలూ కాపురం చేస్తున్నాయి. ఈ ఎండకొంపకి మళ్లీ అద్దాలా? సీసాలో ఊరగాయ అయిపోతాడు మీ ఆయన!"

"నర్సు కూడా ఆయనకి ఎండ తగలనీయొద్దంది" అంది థెల్మా చిన్నగా.

"మరింకేం? అది సరే, నీ మొహమేంటి సున్నం కొట్టినట్టుంది?"

"ఏం లేదు. రోడ్డు మీద బండొకటి... నాకు ఎప్పుడూ ఉండే భయమే."

"నీ భయానికి కూడా పింఛను ఇప్పించాలి" అని నవ్వి మిసెస్ పార్జిటర్ లోపలికి వెళ్లింది.

థెల్మా సూపు గిన్నెతో పైపు దాటి లోపలికి వచ్చింది.

"గోడలోంచి నడిచొస్తున్నావ్, దయ్యంలా" అన్నాడు డెస్, దుప్పటిలోంచి. "తలుపు అటు!"

ఆమె వెనక్కి వెళ్లి, తలుపని పైపు రెండు మెలికల మధ్య వదిలిన ఖాళీలోంచి వచ్చింది. చెంచా అందుకున్న అతని గోళ్లు నీలంగా ఉన్నాయి. ఆమె చూడనట్టే చూసింది. కట్టిస్తే ఒకనాడు తను రోడ్డు మీద ఉండగా ఎండకి ఈ గదిలోనే ఉడికిపోతాడు. వద్దంటే, ఎలాగూ ఉండవు కదా నీకెందుకని మొహం మీద అన్నట్టే. ఎటు చూసినా ఒకటే గొయ్యి.

"అక్టోబరుకి పూర్తవుతుందన్నాడు" అన్నాడు డెస్.

"ఊఁ."

"అప్పటికి నేనుండనని కదా నీ భయం?"

"పైకప్పు అద్దాలకి తెరలు ఏ రంగువైతే బాగుంటాయంటావ్?"

"థెల్."

"తెల్లవైతే ఊరికే మాసిపోతాయి."

డెస్ సూపులో చెంచా తిప్పాడు. ఆ వీధిలో అలాంటివి ఎవరూ అడగరు, అడిగినా ఎవరూ జవాబు చెప్పరు. తెరల రంగు మాట్లాడుకుంటారు.

"గోధుమరంగు, అయితే" అన్నాడు చివరికి.

బడి వదిలే వేళకు ఎండ ముదిరింది. కోటు లోపల చెమట చల్లగా కారింది. గుండెల మీద ఎవరో అరచేత్తో నొక్కి పెట్టినట్టుంది. సాయంత్రం ఫోన్ చేయాలిగా మరి, అనుకుంది.

బడిలో కొత్తగా చేరిన ఒక చిన్నపాప కాలిబాట అంచున బిగుసుకుపోయింది. "నేను రాను. నాకు భయం."

"నాక్కూడా" అంది థెల్మా.

పాప తలెత్తి చూసింది. "మీకా? మరి మీరే ముందు దిగుతారుగా?"

"భయం పోయాక దిగుదామనుకుంటే, తల్లీ, నువ్వూ నేనూ ఇక్కడే ముసలివాళ్లమైపోతాం. కోటు పట్టుకో."

పాప కోటంచు పట్టుకుంది. థెల్మా కర్ర ఎత్తి రోడ్డు మీదికి దిగింది. కార్లు ఆగాయి. అవతల పాప కోటు వదిలి పరిగెత్తాక, ఆమె కాసేపు అక్కడే గోడకు ఆనుకుని ఊపిరి తీసుకుంది.

ఇంటికొచ్చాక కోటు కూడా విప్పకుండా ఫోన్ అందుకుంది. మొదటిసారి తప్పు నంబరు పోయింది. రెండోసారి ఎవరో అమ్మాయి పలికింది.

"కట్టండి" అంది థెల్మా. అవతలి అమ్మాయికి వినబడలేదు. "కట్టండి!" అని అరిచింది. తర్వాత తన గొంతుకు తనే ఉలిక్కిపడి, "దయచేసి" అని చేర్చింది. "తెరలు గోధుమరంగువి. అక్టోబరుకే కావాలి. మా ఆయన కూర్చోవాలి."

టీ కప్పులు రెండూ పట్టుకుని పెరట్లోకి వస్తుంటే డెస్ చెయ్యెత్తి ఆపాడు. వంటింటి కిటికీలోంచి ఆ అరుపు అతనికి వినిపించింది.

"ఆగు. బూట్లతో వచ్చేస్తావేంటి? కొత్త గచ్చు!"

ఆమెకు నిజంగా నవ్వొచ్చింది. కప్పులు అతనికి అందించి, వంగి, ఆయాసపడుతూ బూట్లు విప్పింది. తలుపులోంచే లోపలికి వచ్చి, మేజోళ్లతో గడ్డి మీద నాలుగడుగులు వేసి, పక్క కుర్చీలో కూలబడింది.

"చూశావా, గాలి లేదు" అన్నాడు డెస్. గాలి ఉంది. అతని జుట్టు లేస్తోంది.

"అస్సలు లేదు" అంది థెల్మా. కళ్లు మూసుకుంది.

డెస్ మాట్లాడుతూనే ఉన్నాడు. నిమ్మకుండీ ఆ మూల పెట్టాలి. రేడియోకి ఇటు ప్లగ్గు కావాలి. మిసెస్ పార్జిటర్ చూసి ఏడవాలి. "అక్టోబరులో మొదటి వాన పడ్డరోజు ఇక్కడే కూర్చుందాం థెల్. అద్దాల మీద పడితే నాకేంటి, నేను ఉత్తరాలు పంచాలా?" జవాబు రాలేదు. అలిసి నిద్రపోయిందనుకుని, తన దుప్పటి తీసి ఆమె మీద కప్పాడు. ఎండ ఆమె మోకాళ్ల మీదనుంచి ఒళ్లోకి, ఒళ్లోంచి కంచె మీదికి వెళ్లిపోయింది. లోపలికి పోదామని లేపబోయి చెయ్యి పట్టుకున్నప్పుడు గానీ అతనికి తెలియలేదు, ఆ పెరట్లో తనకంటే చల్లగా ఉన్నవాళ్లు ఇంకొకరున్నారని.

ఎక్కడైనా రోడ్డు దాటడానికి దిగబోతూ మీ గుండె దడదడలాడితే, థెల్మా పెనీని ఒక్కసారి తలుచుకోండి. పైపు మెలికల మధ్య, ఇంకా కట్టని గుమ్మం బయట, ఆమె నల్లబూట్లు మడమలు కలిపి గడ్డి మీద ఉన్నాయి. డెస్ వాటిని తీయనివ్వడం లేదు.