గంట వినపడని ఉదయం

ఆ రోజు బొలోన్యా ఊరిని పొగమంచు మింగేసింది. గోడలు తడుముకుంటూ న్యాయశాస్త్ర పాఠశాల చేరేసరికి ఆల్డ్రెవాండో గురువుగారికి బాగా ఆలస్యమైపోయింది. మంచు బయట ఉందో, చూపు తగ్గిన తన కళ్లలోనే ఉందో ఆయనకు తేడా తెలియడం మానేసి చాలాకాలమైంది. రేపు కూతురు వచ్చి తన ఊరు ఇమోలాకు తీసుకుపోతుంది. ఇదే ఆఖరి పాఠం, ఆ సంగతి విద్యార్థులకూ తెలుసు.

ఆ ఊళ్లో గురువుల పెత్తనం సాగదు. జీతమిచ్చేదీ విద్యార్థులే, కట్టుబాట్లు పెట్టేదీ వాళ్లే. చర్చి గంట మోగితే సగం మాటలో ఉన్నా నోరు మూసుకోవాలని గురువు చేత ప్రమాణం చేయించుకుంటారు. పోయిన చలికాలం గంట తర్వాత ఇంకో రెండు ముక్కలు మాట్లాడినందుకు ఆయన మీద ఫిర్యాదు చేసిన మహానుభావుడు, జర్మన్ విద్యార్థి రైన్‌హార్డ్, ముందు వరుసలోనే కూర్చున్నాడు.

ఏటా గంట అడ్డొచ్చి మిగిలిపోయే పాఠం ఒకటుంది. ఈసారీ ముగించకుండానే వెళ్లిపోతానేమోనని ఆయనకు ఒకటే దిగులు.

"వరదలో ఒకడి పొలం ముక్క చెట్టుతో సహా కొట్టుకొచ్చి, ఇంకొకడి గట్టుకి అతుక్కుంది. అదెవరిదర్రా?"

"పోగొట్టుకున్నవాడిదే," మంచులోంచి ఎవరో అన్నారు.

"సరే. కానీ ఆ చెట్టు అక్కడే నిలిచిపోయింది..."

చెబుతూంటే ఆ గదే నెమ్మదిగా ఏటిలో తేలిపోతున్నట్టు అనిపించింది ఆయనకు. బల్లలూ, విద్యార్థులు కప్పుకున్న తడి దుప్పట్లూ, పేర్లు మరిచిపోయిన పాత శిష్యులూ అన్నీ, అందరూ తన వెంటే వస్తున్నారు.

"దాని వేళ్లు ఆ కొత్త నేలలోకి దిగాయనుకోండి. ఇక అప్పుడు..."

గంట మోగింది.

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. తడుముకుని పుస్తకం మూశాడు. బల్లలు జరిగే చప్పుడు కోసం చూశాడు. ఎవరూ లేవలేదు.

"ఆపేశారేం గురువుగారూ?" రైన్‌హార్డ్ గొంతు.

"గంట కొట్టారుగా నాయనా."

"గంటా? ఏ గంట? ఒరేయ్ గెర్లాక్, నీకేమన్నా వినపడిందా?"

"లేదే! ఈ మంచులో గంట కూడా దారి తప్పి పక్కూరికి పోయుంటుంది."

"మీ చెవుల్లో హోరేమో గురువుగారూ. వయసు మీద పడింది కదా," అన్నాడు రైన్‌హార్డ్. మాట వెటకారమే గానీ, కాగితాలు ముందుకు జరుపుకున్న చప్పుడైంది. "వేళ్లు దిగాయన్నారు. తర్వాత?"

ఆల్డ్రెవాండో పుస్తకం తెరవలేదు.

"తర్వాత అది పాతవాడిది కాదు నాయనా. ఎవరి గట్టులో వేళ్లు దిగాయో వాళ్లదే. పాతవాడు వచ్చి అడగడానికి లేదు."

ఎందుకని అడిగారు. చెప్పాడు. మధ్యాహ్నం గంట కూడా మోగింది. అదీ ఎవరికీ వినపడలేదు.