నిద్రలో తగిలిన చెయ్యి

"నిద్రల చెయ్యి తగిలింది."

మూడేళ్ల కింద సంధ్య ముందు పన్ను సగానికి విరిగినప్పుడు ఆమె మొగుడు గిరిధర్ అందరికీ చెప్పిన మాట ఇది. సంధ్య తల్లి ఏడుస్తూనే నమ్మింది. వాడకట్టంతా నమ్మింది. దవాఖానలో చీటీ రాసిన నర్సమ్మ కూడా తలూపి మందు గోళీలు చేతిలో పెట్టింది. నిజానికి అప్పుడు మధ్యాహ్నం మూడయింది, ఇద్దరూ మేలుకునే ఉన్నారు, గిరిధర్ చేతిలో నాడె ఉంది. మగ్గం మీద దారాన్ని అటూ ఇటూ మోసే ఆ కట్టెకు రెండు కొసలా ఇనుప మొనలుంటాయి. నిద్రపోయేవాడి చేతిలోకి నాడె ఎట్లా వచ్చిందయ్యా అని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు. ఇప్పటికీ నాడెలో పెట్టే నూలు కండెలు చుడుతూ కూర్చుంటే ఆమె నాలుక ఆ విరిగిన పన్ను దగ్గరికే పోతుంది.

గద్వాల చీర ఒక్క మనిషి నేసేది కాదు. నూలు చీరకు పట్టు అంచు కలవాలంటే, మగ్గం గుంతలో కూర్చున్నవాడు నాడె విసిరిన ప్రతిసారీ పక్కన కూర్చున్న మనిషి అంచు నాడెను అందించి, నూలు పోగునూ పట్టు పోగునూ ఒకదానిలో ఒకటి మెలివేయాలి. చీర పొడవునా వేల మెలికలు. ఆ పక్కన కూర్చునే మనిషి సంధ్య. చీర తీసుకుపోవడానికి వచ్చే సేటు ప్రేమ్ కుమార్ అంచు మీద బొటనవేలుతో రాసి చూసి, "గిరిధర్, ఏం చెయ్యిరా నీది, అతుకే కనవడతలేదు" అని మెచ్చుకుంటాడు. గిరిధర్ మీసాల చాటున నవ్వుకుంటాడు. అతుకు వేసిన చేతులు ఆ సమయానికి సేటు తాగిన చాయ్ గ్లాసు కడుగుతుంటాయి.

ఆ ఇంట్లో అందరికీ నిద్ర ఉంది, ఆమెకు తప్ప. అన్నం తిన్నాక గిరిధర్ రెండు గంటలు గురక పెట్టాలి. అత్త జోగమ్మ గడప దగ్గర కొంగు పరుచుకుని ఒరగాలి. సంధ్య మాత్రం సాయంత్రానికి కండెలు చుట్టి పెట్టాలి. గోడకు వీపు ఆనిస్తే చాలు, "ఆడిదానికి పగటి నిద్రేందే?" అని జోగమ్మ కళ్లు తెరవకుండానే అరిచేది. రాత్రి పడుకుంటే గిరిధర్ నీళ్ల కోసం ఒకసారి లేపుతాడు, తన ఒంటి కోసం ఇంకోసారి లేపుతాడు. తెల్లారి నల్లా వచ్చే వేళకు ఆమె లేచే ఉండాలి. పదకొండేళ్లుగా ఆమె నిద్రను ఎవరో ఒకరు మధ్యలో తెంపుతూనే ఉన్నారు.

అందుకే కాబోలు, ఈ మధ్య ఆమెకు మగ్గం పక్కనే నిద్ర పడుతోంది. కూర్చునే, కళ్లు సగం తెరిచే. ముందు చప్పుడు దూరమవుతుంది. తర్వాత నడుం నొప్పి పోతుంది. తర్వాత సంధ్య అనేది ఎక్కడికో జారిపోతుంది. మళ్లీ ఉలిక్కిపడి చూసుకుంటే జానెడు అంచు నేసి ఉండేది, ఒక్క మెలిక తప్పకుండా. అది చూస్తే ఆమెకు ఒళ్లు జలదరించేది. నేను లేనప్పుడు నాడె అందించింది ఎవరు? నేను లేకపోయినా పని నడుస్తుంటే, ఇన్నేళ్లూ వీళ్లకు కావలసింది నేను కాదా, ఉత్త చేతులేనా? ఆ చేతులకు ఇంకేమేం తెలుసో, నాకు చెప్పకుండా అవి ఇంకేమేం దాచుకున్నాయో? ఇటువంటివి ఎవరితో అనుకుంటుంది? మనసులోనే అనుకుని, మళ్లీ నాడె అందించేది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆ చేతులే ఆరు మెలికలు తప్పాయి. అంచు వేలెడు మేర విడిపోయింది. గిరిధర్ "నీ యమ్మ" అంటూ నాడె ఎత్తాడు. ఆ తర్వాతది సంధ్యకు తెలియదు. కళ్లు తెరిచేసరికి పట్టు అంచు మీద రక్తం చుక్కలు చుక్కలుగా పడుతోంది. గిరిధర్ గుంతలో కూలబడి ముక్కు పట్టుకుని అరుస్తున్నాడు. ఆమె గుప్పిట్లో అంచు నాడె ఉంది, దాని మొన తడిగా ఉంది.

"అయ్యో, నిద్రల చెయ్యి తగిలింది..." అంది సంధ్య. అంత పచ్చి నిజం ఆమె ఏనాడూ చెప్పలేదు. దాన్ని మాత్రం ఎవరూ నమ్మలేదు.

కేకలు విని వచ్చిన పక్కింటి భీమమ్మ సంధ్య కళ్లలోకి చూసి రెండడుగులు వెనక్కి వేసింది. "తెల్లగుడ్లు వడ్డయి. గిది మనిషి దెబ్బ కాదు జోగమ్మా. ఎల్లమ్మ పూనింది!"

ఆ మాట వినగానే గిరిధర్ ఏడుపు ఆపేశాడు. ముక్కులో దూది కుక్కుకుంటూనే అతను లెక్క వేసుకున్నాడు: పెండ్లాం కొట్టిందంటే గద్వాలలో ఇజ్జత్ పోతుంది, అమ్మవారు కొట్టిందంటే భాగ్యం. చప్పున చేతులు జోడించాడు. "తప్పయింది తల్లీ, శాంతించు" అన్నాడు, ముక్కు నుంచి నెత్తురు కారుతుండగానే.

అంతే, రోజులు తిరగబడ్డాయి. జోగమ్మే పసుపు నీళ్లతో కోడలి కాళ్లు కడిగింది. "జర పండుకో తల్లీ, పనులు నేను జూస్త" అంది. ఆడవాళ్లు నిమ్మకాయలు తెచ్చి మొక్కారు. సంధ్య పడుకుంది. పట్టపగలు, తలుపు దగ్గరగా వేసుకుని, ఎవరూ లేపకుండా, కడుపునిండా తిన్నట్టు నిద్రపోయింది. పదిహేడు రోజులు ఆమె ఒంటి మీద ఒక్క దెబ్బ పడలేదు. ఇట్లాగే ఉండిపోతే ఏం పోయింది, వారానికోసారి కళ్లు తిప్పి ఊగితే సరిపోదా అని ఆమెకు నిజంగానే ఆశ పుట్టింది. ఆశ పడ్డందుకు సిగ్గు కూడా పడలేదు.

ఆ ఆశను చెడగొట్టింది ఎనిమిదేళ్ల కూతురు అమూల్య. ఒకరోజు పక్కలోకి దూరి, చెవిలో అడిగింది.

"అమ్మా, నాయనను కొట్టింది నువ్వా, ఎల్లమ్మనా?"

"నాకు తెల్వదు బిడ్డా."

"నువ్వే అయితే బాగుండు" అని ఆ పిల్ల అటు తిరిగి పడుకుంది.

సంధ్యకు ఆ పూట నిద్ర రాలేదు. చీర నేస్తే మొగుని పేరు, కొడితే అమ్మవారి పేరు. పన్ను విరిగింది మాత్రం నా నోట్లోనే. నా చెయ్యి చేసిందాన్ని కూడా నాది కాదంటే, ఇంక నాకు మిగిలిందేముంది? కూతురికి చెప్పడానికి తన దగ్గర ఒక్క జవాబైనా లేదని ఆమెకు దుఃఖం ముంచుకొచ్చింది. కసి కూడా వచ్చింది.

గోడ అవతల గిరిధర్ తల్లితో అంటున్నాడు: "మంగళారం శాంతి జేపిద్దామే. అమ్మను సాగనంపినంక, దీని సంగతి నేను జూస్త."

మంగళవారం బలికి యాటను కోశారు, ఎల్లమ్మను సాగనంపారు. బుధవారం పొద్దున సంధ్యను మళ్లీ మగ్గం పక్కన కూర్చోబెట్టారు. ఈ పదిహేడు రోజుల నిద్రతో ఆమె కళ్లు తేటగా ఉన్నాయి. ప్రతి మెలికా కనబడుతోంది. ఒక్కటీ తప్పలేదు. అయినా గిరిధర్ మధ్యాహ్నందాకా కూడా ఆగలేకపోయాడు. "ఏమే, దేవతవా నువ్వు? నాతోని కాళ్లు మొక్కిపిచ్చుకుంటవా?" అని నాడె ఎత్తాడు.

ఈసారి ఆమె అంతా చూసింది. చెయ్యి లేవడం, ఇనుప మొన మెరవడం, అతని పెదవి పక్కకు వంకరపోవడం. ఎడమ చేత్తో ఆ మణికట్టు పట్టి, కుడి చేతిలోని అంచు నాడెతో ముఖం మీద కొట్టింది. మానీ మానని ముక్కు మళ్లీ చిట్లింది. అతను ఆమె జుట్టు పట్టి గుంజాడు. వెంట్రుకల కుచ్చు ఊడి వచ్చినా ఆమె అతని మణికట్టు వదలలేదు. ఇంకొకటి కొట్టింది, పళ్ల మీద. ఏదో విరిగిన చప్పుడు ఆమెకు స్పష్టంగా వినబడింది. మగ్గం మీది పడుగు దారాలు పటపటా తెగిపోయాయి.

జోగమ్మ పసుపు గిన్నెతో పరుగెత్తుకొచ్చింది. "అమ్మా! మళ్ల ఒచ్చినవా తల్లీ!"

గిరిధర్ అయితే నెత్తుటి నోటితోనే చేతులు జోడించాడు. "శాంతించమ్మా... నీ బిడ్డను..."

గడపలో బడి సంచీతో అమూల్య నిలబడి చూస్తోంది. సంధ్యకు చెయ్యవలసింది ఏమీ లేదు. కళ్లు తేలేసి కాస్త ఊగితే చాలు, మళ్లీ కాళ్లకు పసుపు, మళ్లీ పగటి నిద్ర. తన నుదుటి దగ్గరికి అత్త తెచ్చిన పసుపు చేతిని ఆమె పక్కకు తోసింది. నాడెకున్న రక్తాన్ని కొంగుతో తుడిచి మగ్గం మీద పెట్టింది.

"నా కండ్లల్ల మంచిగ జూడు అత్తా. ఎల్లమ్మ లేదు, నిద్ర లేదు. కొట్టింది సంధ్య."