కౌన్సిలు హాలు పొడవు

సుభాషిణి నోట ‘రాత్రి బస’ అన్న మాట వచ్చినప్పుడల్లా కౌన్సిలు హాలు రెండు గజాలు పొడుగవుతుంది.

నాలుగేళ్లుగా వార్డు కార్పొరేటరుగా బడ్జెట్ సమావేశానికి వస్తోంది కనుక ఆమెకిది కొత్త కాదు. మొదటి ఏడు మేయరు గారి మీసం కనిపించేది. ఇప్పుడు ఆయన బల్ల కూడా చీమంత. అందుకే ఇవాళ అన్నం వార్చి, పప్పు తాలింపు పెట్టి, నడకకి పనికొచ్చే పాత చెప్పులు వేసుకుని వచ్చింది.

పక్కన పైడితల్లి ఉంది. బీచి రోడ్డులో మూసేసిన మందుల కొట్టు మెట్టు మీద పడుకునే మనిషి. పోయిన వానల్లో ఆమె మొగుడు ఆ మెట్టు మీదే తడిసి, జ్వరం తగిలి పోయాడు. ఈ ఏడు దగ్గు ఆమెకి పట్టింది. వానలు రాకముందే ఇల్లు లేనివాళ్లకి ఒక పెద్ద గది కట్టాలి, దానికి ఈ బడ్జెట్లో డబ్బు రాయాలి. సుభాషిణి అడిగేది అంతే.

“అధ్యక్షా, రాత్రి బస కోసం...”

గోడ చప్పుడు లేకుండా వెనక్కి జరుగుతుంది. మేయరు గొంతు మాత్రం చెవి పక్కనే వినిపిస్తుంది.

“సర్వే చేయించామమ్మా. మీ వార్డులో ఇల్లు లేనివాళ్లు సున్నా.”

“ఈవిడ ఉంది కదండీ.”

“ఆవిడ మెట్టు ముందు ముగ్గుంది. ముగ్గుంటే గడప ఉన్నట్టే. గడపుంటే ఇల్లున్నట్టే. మావాళ్లు డోరు నంబరు కూడా వేశారు.”

పైడితల్లి చెంగు తొలగించి చూపిస్తుంది. నంబరు ఆమె భుజం మీద నీలం రంగులో ఉంది. “రుద్దినా పోనేదమ్మా,” అంటుంది.

“ఆ ముగ్గు చెరిపేస్తే ఆవిడకి ఇల్లు లేదని రేపే రాసుకుంటాం,” అంటాడు మేయరు.

సుభాషిణి ఆశగా పైడితల్లి వైపు తిరుగుతుంది. ఒక్కరోజు మానేస్తే ఏం పోయింది?

“సాల్లే తల్లీ! తెల్లారి ముగ్గెయ్యకపోతే నాను లేచినట్టు ఎవులికి తెలుస్తాది? మా ఆయన పోయిన నాడే ఎయ్యనేదు. మీ వాకిట్లో చెరిపెయ్యమంటే చెరుపుతావేటి?”

సుభాషిణి అసలే పొద్దున ఒక చుక్క వంకర పోయిందని తన ముగ్గు రెండుసార్లు తుడిచి వేసిన మనిషి.

బల్ల దాకా వెళ్లి చెబుదామని, మళ్లీ మళ్లీ అడుగుతూ నడుస్తుంది. అడిగిన కొద్దీ బల్ల వెనక్కి పోతుంది. కాళ్లు లాగుతాయి. కూలబడి, నేల తడిమి చూస్తుంది. పొడిగా ఉంది. పైన కప్పుంది. వెనక గుమ్మం దాకా ఖాళీయే.

“పైడితల్లీ, నీకెంత చోటు కావాలి?”

“కాళ్లు సాపితే రెండు గజాలు.”

పైడితల్లి మూటలోంచి మడిచి పెట్టుకున్న తన ముగ్గు తీసి, దులిపి, హాలు గుమ్మంలో పరుస్తుంది. “గడప పడింది. రండర్రా!” అని కేకేస్తుంది.

బస్టాండు వాళ్లు వస్తారు. ఆసుపత్రి వరండా వాళ్లు వస్తారు. ఒక్కొక్కరికీ సుభాషిణి ఒకసారి ‘రాత్రి బస’ అంటుంది.

“ఆ మాట ఆపండమ్మా,” మేయరు గొంతు బతిమాలుతుంది. “గుమ్మం కనిపించడం లేదు. నేనింటికెలా వెళ్లను?”

“బడ్జెట్లో రాయండి. ఆపుతాను.”

“కలం అందడం లేదు. పొద్దుట జేబులోనే ఉండేది. ఇప్పుడు నా జేబు కూడా దూరమైపోయింది.”

బయట తొలి వాన మొదలవుతుంది. గుమ్మం బయట ఇంకా మనుషులున్నారు. సుభాషిణి గొంతు ఆరిపోతుంది. అప్పుడు పైడితల్లి ఆమె నోట్లోంచి ఆ మాటని మెల్లిగా తీసి, చెంగుతో తుడిచి, పక్కన పడుకున్నామెకి అందిస్తుంది. ఆమె ఒకసారి అని, ఆ పక్కామెకి ఇస్తుంది.

గోడ జరుగుతూ జరుగుతూ తీరం చేరుతుంది. అక్కడ సముద్రం నిద్రకళ్లతో లేచి కూర్చుంటుంది. తన చాప చుట్టి చంకన పెట్టుకుని, ఇంకొకరికి సరిపడా పక్కకి జరుగుతుంది.