నిన్నటి మోతాదు

ఎదురింటావిడ మెట్ల మీద పక్కింటావిడతో అన్నదట. పక్కింటావిడ కడుపులో దాచుకోలేక అత్తగారి చెవిన వేసింది. "మీ కోడలు చేసిన యాప్ దానంతటది నడవదట కదా, ఎవరో ఒకరు చేత్తో నొక్కాలట. ఎద్దుల్లేని బండి చేసినట్టుంది. ఇస్తామన్న పెద్ద పోస్టు కూడా ఇవ్వరేమోనని అనుకుంటున్నారు."

"బండి సంగతి చేసినవాళ్లకి తెలుసులే" అని అత్తగారు తలుపు వేసుకుంది గానీ, పోస్టు మాట ముల్లులా దిగబడిపోయింది.

నిజానికి ఎదురింటావిడకు తెలిసింది సగమే. కోడలు మొదట కట్టింది దానంతటది నడిచేదే. ఇళ్లకు వెళ్లి రోగుల్ని చూసే నర్సులు ఫోనులో ఒక్క అంకె మార్చినా, ఆ క్షణమే అది ఆసుపత్రి మందుల గదికి చేరిపోయేది. సిగ్నల్ లేకపోతే దాచుకుని, దొరకగానే పంపేది. దాన్ని ఆమె నెలల తరబడి పసిబిడ్డలా సాకింది. ఆఫీసులో అందరూ సుడిగాలి అని పిలుచుకునే మేనేజరు అది చూసి మురిసిపోయాడు. ఆసుపత్రివాళ్లు ఒప్పుకుంటే టీముకు పెద్దవి నువ్వేనన్నాడు.

అప్పగించేముందు వాడకం ఎలా ఉందో చూద్దామని కోడలు ఒక నర్సు వెంట ఇంటింటికీ తిరిగింది. నర్సులకు ఒక అలవాటుంది. అన్నీ మళ్లీ కొట్టడం ఎందుకని నిన్నటి వివరాలన్నీ ఇవాళ్టి పేజీలోకి దింపేస్తారు. తర్వాత మనిషిని చూసి, మారినవి మాత్రం దిద్దుతారు. ఒక ముసలాయనకు డాక్టరు ఆ ఉదయమే గుండె మాత్ర సగానికి తగ్గించాడు. నర్సమ్మ నిన్నటిది దింపింది. దిద్దబోయేలోపు ఆయనకు దగ్గు తెర వచ్చింది. ఆమె ఫోను పక్కన పెట్టి వీపు రాసింది. ఆ సందులో యాప్ తన పని తాను చేసుకుపోయింది. నిన్నటి మోతాదు ఇవాళ్టిదై మందుల గదిలో కూర్చుంది. కోడలు అక్కణ్ణుంచే ఫోన్ చేసి ఆపించింది గనక సరిపోయింది.

ఆ రోజు ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతూనే కోడలు లాప్‌టాప్ తెరిచింది.

"అంత కష్టపడి చేసింది తీసేస్తావా తల్లీ?" అంది జరిగిందంతా విన్న అత్తగారు.

"సగమే అత్తయ్యా. ఆసుపత్రి నుంచి వచ్చేవి వాటంతటవే వస్తాయి. ఇక్కణ్ణుంచి పోయేవి మాత్రం నర్సమ్మ చూసుకుని నొక్కితేనే పోతాయి."

"మరి పోస్టు?"

"అది నా చేతిలో లేదుగా."

వంట మాడిందని ఒప్పుకున్నవాళ్లని అత్తగారు చూసింది. బ్రహ్మాండంగా కుదిరిన వంటను, తినేవాళ్లకు పడదని తనే దించేసే మనిషిని ఇప్పుడే చూస్తోంది. నోరు తెరిచి మెచ్చుకోవడం చేతకాక, టీ తెచ్చి పక్కన పెట్టింది.

మర్నాడు పొద్దున బల్ల దగ్గరే వీడియో మీటింగు. ఒక చదరంలో సుడిగాలి, ఇంకో చదరంలో ఆసుపత్రి డాక్టరమ్మ. అత్తగారు అవతల బఠానీలు ఒలుస్తోంది, చెవులు మాత్రం ఇక్కడే.

"ఈ రోజుల్లో చేత్తో నొక్కించడమేంటమ్మా? తలుపులే వాటంతటవి తెరుచుకుంటుంటే నువ్వు గొళ్లెం బిగిస్తానంటావు" అన్నాడు సుడిగాలి.

"గొళ్లెం లోపలివాళ్ల చేతిలోనే ఉంటుంది సార్."

"పోనీ, కాసేపు ఆగి పంపేలా పెట్టు."

"దగ్గు మన గడియారం చూసి తగ్గదు కదా సార్."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. "నర్సు నొక్కడం మర్చిపోతే?"

"పంపనివి ఆమె ఫోన్లో ఎర్రగా కనిపిస్తాయి మేడమ్. రావలసింది రాలేదని మీ మందుల గదిలోనూ మోగుతుంది."

సుడిగాలి కుర్చీలో వెనక్కి వాలాడు. "మొండికేస్తే, టీముకు పెద్ద ఎవరన్నది నేను మళ్లీ ఆలోచించుకోవాల్సి వస్తుంది."

బఠానీలు ఒలిచే చప్పుడు ఆగిపోయింది.

"ఆలోచించుకోండి సార్. నర్సమ్మ సరిచూడని మోతాదును మాత్రం నేను ఎవరి నోట్లోకీ పంపను."