చిన్నల్లుడి ఎత్తు

రంగుల ఫ్యాక్టరీకి పొద్దున్నే సరుకు లారీ వచ్చిందంటే, పెద్దల్లుడు ముందుగా మూతల పెట్టె విప్పించేవాడు. ఖాళీ డబ్బాలో నీళ్లు పోసి, మూత బిగించి, తలకిందులుగా పట్టుకుని, కింద పరిచిన కాగితం మీద చుక్క పడుతుందేమోనని చూసేవాడు. డబ్బాలు, మూతలు, అట్టపెట్టెలు పంపేవాళ్లందరికీ మార్కులు వేయడమే అతని ఉద్యోగం. సరుకు చెప్పిన రోజుకి వచ్చిందా, మూత కారిందా, కారితే ఫోనెత్తారా, ఎత్తి మాట నిలబెట్టుకున్నారా అన్నీ చూసి, మార్కులు నోటీసు బోర్డుకి అంటించేవాడు. అంటించగానే మార్కులు పెరిగినవాళ్లు పొడుగయ్యేవాళ్లు, తగ్గినవాళ్లు పొట్టివాళ్లయ్యేవాళ్లు. అందుకే ఆ రోజు ఫ్యాక్టరీ గేటు పక్కన దర్జీ మిషను వేసుకుని కూర్చునేవాడు. ప్యాంట్లు కత్తిరించడానికీ మడతలు విప్పడానికీ అతనికి చేతినిండా పని.

మూతలు పంపేది చిన్నల్లుడు. అంటే, పెద్దల్లుడి భార్యకి సొంత చెల్లెలి మొగుడు. అతని మూత ఏనాడూ కారిన పాపాన పోలేదు, లారీ ఏనాడూ ఆలస్యం కాలేదు. అలా పెరిగి పెరిగి, అత్తగారింటి గుమ్మంలో నడుం వంచాల్సి వచ్చేసరికి, మామగారు తాపీమేస్త్రిని పిలిచి గుమ్మమే ఎత్తు చేయించారు.

"చిన్నల్లుడుగారూ, అటక మీద ఆ పెద్ద గిన్నె కాస్త అందిస్తారా?" అనేది అత్తగారు. ఒకప్పుడు స్టూలెక్కి ఆ గిన్నె దించింది పెద్దల్లుడే. చిన్నల్లుడు చెయ్యి చాపి దించేవాడు.

"మా చెల్లెలు అదృష్టవంతురాలు" అనేది పెద్దల్లుడి భార్య, మొగుడికి వినపడేలా. పెద్దల్లుడికి అరికాలి మంట నెత్తికెక్కేది. అతనికి మార్కులు వేసే నాథుడు లేడు, పెళ్లినాటి ఎత్తే ఇప్పటికీ. పైగా తోడల్లుడి ఎత్తంతా తను చేజేతులా పెంచిందేనాయె. అసలు కడుపుమంట అక్కడుంది.

అలాంటి రోజుల్లో కంపెనీవాళ్లు డబ్బా మూతిని రవ్వంత వెడల్పు చేశారు. కొత్త కొలత చిన్నల్లుడికి చెప్పాల్సింది పెద్దల్లుడే. ఇవాళ చెబుతా, రేపు చెబుతా అని నాన్చి, తీరా సరుకు కావాల్సిన ముందురోజు చెప్పాడు. ఇంకేముంది, రంగు నింపిన డబ్బాలు మూతల్లేక వరసగా నోళ్లు తెరుచుకుని ఉండిపోయాయి. పెద్దల్లుడు లోపల్లోపల చంకలు గుద్దుకుంటూ, పైకి మొహం గంటు పెట్టుకుని, ఆలస్యం కింద మార్కులన్నీ కోసి పారేశాడు. మధ్యాహ్నానికల్లా చిన్నల్లుడు అందరిలాంటి మనిషి కంటే కూడా ఓ జానెడు తగ్గిపోయాడు. మూతల ఆర్డరూ ఆపేశారు.

మర్నాడు పెద్దల్లుడు పరామర్శ పేరు చెప్పి వాళ్లింటికి వెళ్లాడు, కళ్లారా చూసి సంతోషిద్దామని.

మొగుడూ పెళ్లాలిద్దరూ వరండా మెట్టు మీద ఆనుకుని కూర్చుని, ఒకే గ్లాసులో టీ తాగుతున్నారు.

"రండి బావగారూ!" అంది మరదలు మొహమంతా నవ్వుతో. "ఇన్నేళ్లకి ఈయన మొహం దగ్గర్నుంచి చూస్తున్నాను. మాట్లాడాలంటే మెడ పట్టేసేదనుకోండి."

"పాపం తమ్ముడూ, ఆర్డరు పోయిందటగా" అన్నాడు పెద్దల్లుడు.

"పోతే పోయిందన్నయ్యగారూ. మార్కులూ గీర్కులూ వేయని చిన్న కొట్లవాళ్లకి సబ్బుపొడి డబ్బాలు చేసుకుంటాను. కొలత మీరు ఆలస్యంగా చెప్పారని నాకు తెలుసు. కోపమేం లేదు. మళ్లీ దీన్ని కెలక్కండి, మీకు పుణ్యముంటుంది."

మరదలు మొగుడి భుజం మీద తల ఆనించింది. తన భార్య అలా తల ఆనించి ఎన్నాళ్లయిందో పెద్దల్లుడికి ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఆకాశమంత ఉన్నప్పుడు కూడా ఈ మనిషి మీద అతనికి ఇంత కుళ్లు పుట్టలేదు.

"భలేవాడివే తమ్ముడూ! తప్పు నాదైతే శిక్ష నీకా? రేపే దిద్దించేస్తాను" అంటూ లేచాడు.

"వద్దన్నయ్యగారూ, మీకు దణ్ణం పెడతాను!"

"న్యాయం న్యాయమే" అని చెప్పులు వేసుకున్నాడు పెద్దల్లుడు.

మర్నాడు మేనేజరు ముందు నిలబడి కొలత సంగతి ఉన్నదున్నట్టు ఒప్పుకున్నాడు. "నీలాంటివాళ్లు ఉండబట్టే కంపెనీ నడుస్తోందయ్యా" అని మేనేజరు చెయ్యి పట్టుకుని ఊపాడు. చిన్నల్లుడికి ఇదివరకు ఎవరికీ పడనన్ని మార్కులు పడ్డాయి. ఆర్డరు రెట్టింపయింది. తన సర్వీసులో పెద్దల్లుడు అంత నిజాయితీగా మార్కులు వేసిందీ లేదు, అంత దుర్బుద్ధితో వేసిందీ లేదు.

సాయంత్రం ఏదో పనున్నవాడిలా మరదలింటి మీదుగా నడిచాడు. చిన్నల్లుడు ఇంట్లో పట్టక పెరట్లో నిలబడి ఉన్నాడు. అతని తల పక్కింటి మేడ పిట్టగోడ దాటిపోయింది. అక్కణ్ణుంచి కిందికి ఏదో చెబుతున్నాడు.

మరదలు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, తలెత్తి అరుస్తోంది. "ఏంటండీ? ఏమన్నారు? వినపడట్లేదు!"

పెద్దల్లుడు ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, భార్యతో "వడ్డించు" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆ పూట కడుపునిండా తిన్నాడు.