ఆక్లాండు నుంచి దోహాకి

"నవమేరా. దోహాలో డాక్టరు రాసిచ్చిన కాగితంలో ఉంది కదా," అన్నాడు సుధాకర్ మూడోసారి.

"దశమి, బాబాయ్. ఆ డాక్టరేమన్నా విమానంలో ఉన్నాడా? నాన్న పక్కనున్నది అమ్మ." హేమంత్ ఫోనులోంచి తలెత్తలేదు. "ఆక్లాండు నుంచి దోహాకి పద్నాలుగువేల ఐదొందల కిలోమీటర్లు. పదిహేడున్నర గంటలు. మన టైముకి రాత్రి రెండింటికి దిగింది. నాన్న పోయింది దిగడానికి గంట ముందు. రాత్రి తొమ్మిదింటికే దశమి వచ్చేసింది."

"లెక్కలు నాకు చెప్పకు. గుడివాడ డిపోలో ముప్పై ఏళ్లు బస్సుల టైములు రాసినవాణ్ణి. దిగేసరికే ప్రాణం పోయి ఆరేడు గంటలైందన్నాడాయన. తిథి తప్పి పెడితే అన్నయ్యకి అందుతుందా?"

"అయితే అమ్మ అబద్ధం చెప్పిందంటావా?"

"ఛ! వదిననెందుకంటానురా?"

పెద్దకర్మ అయి మూడురోజులైంది. నెల మాసికానికి తిథేదో తేల్చి చెప్పమని బందరు నుంచి పురోహితుడు పొద్దున్నించి రెండుసార్లు ఫోన్ చేశాడు. కోడలు దీప్తి అందరికీ కాఫీ తెచ్చిపెట్టింది. ఎవరూ ముట్టుకోలేదు.

హేమంత్ తల్లి సరోజిని గోడకానుకుని వింటోంది. పెడన అద్దకం చేసి చూపించమని ఆక్లాండులో ఎగ్జిబిషన్‌వాళ్లు పిలిస్తే, భర్త బుచ్చిరాజు అచ్చులు మూటగట్టుకుని, ఆమెనీ వెంటబెట్టుకుని వెళ్లాడు. తిరుగు ప్రయాణంలో ముందు సీటుకున్న చిన్న తెరమీద విమానం బొమ్మనే చూస్తూ కూర్చున్నాడు. "ఇంకా ఏడువేల కిలోమీటర్లుంది, పడుకోవే," అన్నాడు. కడుపులో తిప్పకుండా వేసుకున్న మాత్ర మత్తులో ఆమె నిద్రపోయింది. లేచేసరికి తెరమీద ఆరువందలుంది. ఆయన చెయ్యి చల్లగా, కొయ్యలా బిగుసుకుపోయి ఉంది.

దోహా నుంచి ఫోన్ చేసినప్పుడు కొడుకు ఏడుస్తూ అడిగింది ఒక్కటే. "చివర్లో నాన్న నోట్లో కాసిన్ని నీళ్లయినా పోశావా అమ్మా?"

పోశానంది. దిగడానికి గంట ముందు అడిగి తాగారంది. ఆ పూట వాణ్ణి ఓదార్చడానికి అన్న మాట, ఈ వేళ తిథై కూర్చుంది. ఏడాది పొడుగునా మాసికాలు, ఆ తర్వాత హేమంత్ బతికున్నన్నాళ్లూ తద్దినాలు. అన్నీ ఆ తాగని నీళ్ల మీదే.

"అమ్మా, నువ్వే చెప్పు బాబాయికి. నీళ్లు తాగాకే కదా పోయారు?"

సరోజిని కొంగుతో మొహం తుడుచుకుంది.

"దివిసీమలో మా మేనమామ పడవ మీద వెళ్లి తిరిగి రాలేదు. ఏ రోజు పోయాడో తెలియక, ఆ నెల అమావాస్యకి పెట్టేవాళ్లు," అంది. గుమ్మం దగ్గర దీప్తి ఆగిపోయింది.

"మీ నాన్నకీ అమావాస్యనాడే పెడదాం, హేమంతూ. నేను నిద్రపోయాను. నీళ్లు పొయ్యలేదు."