సొంత డబ్బు

దేశంలోని బ్యాంకులన్నిటికీ నిబంధనలు రాసే ఆఫీసులో ఆమెను అందరూ ‘తక్కెడమ్మ’ అంటారు. ముఖం మీద కాదులెండి, వెనకాల. ఏ బ్యాంకుకు సొంత డబ్బు ఎంతుందో, నష్టం వస్తే అది ఎంతవరకు కాచుకుంటుందో తూచడమే ఆమె పని.

ఆ వారం ఆఫీసంతా కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. ఇక్కడి నిబంధనలు అంతర్జాతీయ ప్రమాణాలకు ఏ మాత్రం సరిపోతాయో చూసి గ్రేడు వేయడానికి బయటి దేశాల పరిశీలకులు దిగారు. పై గ్రేడు ఖాయమని పెద్దసారు పత్రికలవాళ్ళకు ముందే కబురు పెట్టేశాడు.

తక్కెడమ్మకు మాత్రం ఒక లోటు కనబడింది. బ్యాంకు తనే అప్పిచ్చి తన వాటాలు కొనిపిస్తే, ఆ డబ్బును మూలధనంగా, అంటే సొంత డబ్బుగా, లెక్కించకూడదని ప్రమాణాల్లో ఉంది. ఇక్కడి నిబంధనల్లో ఆ వాక్యమే లేదు. ఎడమ జేబులోది కుడి జేబులో వేసుకుని ఆస్తి పెరిగిందని మురిసిపోవచ్చన్నమాట.

అలా మురిసిపోతున్నది ఎవరో కాదు, ఆమె బాబాయి. ఒక చిన్న బ్యాంకుకు ఛైర్మను. సిబ్బందికి అప్పులిచ్చి మరీ వాటాలు కొనిపించానని భోజనాల దగ్గర గొప్పలు పోయాడు. అమ్మా నాన్నా పోయాక ఆమెను తన మేడ మీది గదిలో పెట్టుకుని చదివించిందీ ఆయనే.

సమావేశానికి ముందురోజు సాయంత్రం వాళ్ళింటికే వెళ్ళి చెప్పింది.

“బాబాయ్, రేపు వాళ్ళడిగితే దాచను.”

“నా మూలధనంలో మూడో వంతు ఎగిరిపోతుందే!”

“అది ఇప్పుడు మాత్రం ఎక్కడుంది? ఇచ్చిన అప్పులు మునిగితే డిపాజిట్లు వేసినవాళ్ళకి ఏం చూపిస్తావు?”

మంచినీళ్ళు తెచ్చిన పిన్ని గ్లాసు ఇవ్వకుండానే లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆ లోటును ఆమే బయటపెట్టింది. పెద్దసారు బల్ల కింద ఆమె కాలు తొక్కాడు. పరిశీలకుల పెద్ద, కళ్ళజోడావిడ, తాపీగా అడిగింది.

“వాక్యం లేదు, సరే. నిజంగా అలా చేస్తున్న బ్యాంకు ఒక్కటైనా ఉందా? లేకపోతే గ్రేడు తగ్గించం.”

“ఒక్కటీ లేదు,” అన్నాడు పెద్దసారు ఠక్కున. పాపం, ఆయనకు నిజంగానే తెలియదు.

ఆ గదిలో తెలిసింది ఆమె ఒక్కతికే. నోరు మూసుకుంటే ఆఫీసు పరువూ బాబాయి బ్యాంకూ రెండూ నిలుస్తాయి. ఏడుపు ముంచుకొచ్చింది. రెండు గుక్కలు నీళ్ళు తాగింది.

“ఉందండీ. మా బాబాయిది.”

గ్రేడు ఒక మెట్టు దిగింది. పెద్దసారు ఆమెతో మాట్లాడడం మానేశాడు గానీ, ఆ వాక్యం చేర్చమని ఫైలు మాత్రం పంపాడు. ఆమె రాస్తుంటే ఫోను మోగింది.

“చెప్పావుటగా?” బాబాయి.

“చెప్పాను. కోపమా?”

“లేకేం? మీ పిన్నికి నాకంటే ఎక్కువ. నిజం డబ్బు తేవాలిగా, ఇల్లు అమ్మేస్తున్నా. ఆదివారం వచ్చి మేడ గదిలో నీ పుస్తకాలు తీసుకుపో.”

ఆమె కలం కింద పెట్టేసింది.

“వింటున్నావా? భోజనం వేళకి రా. పిన్ని కసురుతుంది, కసరనీ.”

“వస్తాను బాబాయ్,” అంది. ఫోను పెట్టేసి, కళ్ళు తుడుచుకుని, వాక్యం పూర్తి చేసింది.